ఊఁ కొట్టే నాగలక్ష్మమ్మ

హనుమక్కకు కడుపు మండుతోంది. మిరపచేలో నిలబడ్డ మనిషికి చేతులు మండాలి గానీ కడుపు మండటమేమిటని అడగకండి. ఆమె ఒడి అడుగున నాలుగు కాయలు పడి ఉన్నాయి. పక్క సాలులో అంజినమ్మ ఒడి మాత్రం నెలలు నిండిన కడుపులా ముందుకు పొడుచుకొచ్చింది. ఆ ఒడిలో మొదటి పిడికెడు వేసింది నాగలక్ష్మమ్మ. అదీ సంగతి.

రూపనగుడి కూలి గుంపులో ఒక పద్ధతి ఉంది. మిరపకాయ కోతకు కిలో లెక్కన కూలి. ఎవరు కోసింది వాళ్ళ గోతంలోకే పోవాలి, ఎవరి గోతం వాళ్ళే తూకానికి మోసుకుపోవాలి. అయితే కత చెప్పే మనిషికి నోరు ఆడుతుంటే చెయ్యి ఆడదు. అందుకని కత అయిపోగానే విన్నవాళ్ళంతా తలా ఒక పిడికెడు కాయ ఆమె ఒడిలో వేస్తారు. కతకు కాయ. ఈ కట్టు ఎవరు పెట్టారో ఎవరికీ తెలియదు, తప్పినవాళ్ళు మాత్రం లేరు. కాలేజీకి సెలవులిస్తే కూలికొచ్చే సుమ లాంటి పిల్లలు కూడా వేస్తారు. మిరపచేలో ఫోను ఎందుకు పనికిరాదో వాళ్ళకు మొదటి రోజే తెలిసిపోతుంది. కాయ కోసిన వేళ్ళతో ఫోను ముట్టుకుని, ఆ ఫోనును చెంపకు పెట్టుకుంటే, ఇక ఆ పూటంతా చెంప కొలిమే. అందుకే ఫోన్లన్నీ గట్టు మీద అన్నం డబ్బాల పక్కన పడుకుంటాయి. చేలో కతే దిక్కు.

కత చెప్పేవాళ్ళు ఉంటే సరిపోదు, ఊఁ కొట్టేవాళ్ళు ఉండాలి. అందరూ ఊఁ కొడితే గోల, ఎవరూ కొట్టకపోతే కత ముందుకు కదలదు. ఒక్కరే కొట్టాలి. కత అయిపోయాక మొదటి పిడికెడు వేసే హక్కు కూడా ఆ ఒక్కరిదే. ఈ గుంపులో ఊఁ కొట్టేది నాగలక్ష్మమ్మ. ఆమె నోట ఊఁ అనేది ఒక్క రకంగా రాదు. భయం పుట్టే చోట సన్నగా వస్తుంది. నవ్వొచ్చే చోట ముక్కులోంచి వస్తుంది. దొంగ దొరకబోయే చోట సాగుతుంది, చెప్పేవాళ్ళకే తొందర పుట్టేట్టు. ఇరవై ఏళ్ళుగా ఆ ఊఁ హనుమక్కది. తాళి కట్టించుకున్న మొగుడి మీద కూడా హనుమక్క అంత హక్కు ఎప్పుడూ చూపించలేదు.

హనుమక్క కతలన్నీ పనులు చేసుకునేవాళ్ళ కతలు, బేరగాళ్ళ కతలు. కన్నతల్లి ముక్కుపుడకలో కూడా పిసరంత బంగారం కొట్టేసే కంసాలి, ఎద్దు కళ్ళకు గంతలు కట్టి దాని వెనకే తిరిగి తిరిగి సొంత ఇంటి దారి మరచిపోయిన గానుగ మనిషి, తక్కెడ కింద చింతపండు అంటించి ఊరిని ముంచిన శెట్టి. కొన్ని తల్లి ఇచ్చినవి. తక్కినవి మార్చుకున్నవి. ఒకప్పుడు చాటలు, గంపలు, సూదులు, పూసలు నెత్తిన పెట్టుకుని ఊరూరా తిరిగే ఆడవాళ్ళు జొన్నలకో వేరుశనగలకో సరుకు ఇచ్చి, ఎండ పొద్దున పంచలో కూర్చుని మజ్జిగ తాగి పోయేవాళ్ళు. వాళ్ళ దగ్గర హనుమక్క కతకు కత మార్చుకునేది. పశువుల సంతలో తువ్వాల కింద వేళ్ళు పట్టుకుని బేరం చేసినట్టు, కొంగు కింద చెయ్యి పట్టుకుని మార్చుకోవాలి. ఒకసారి ఇచ్చిన కతను మళ్ళీ మన నోట చెప్పకూడదు. అమ్మేసిన ఎద్దు మెడ మీద మళ్ళీ మన కాడి పెట్టం కదా.

అట్లా సుఖంగా సాగిపోతున్న హనుమక్క బతుకులోకి కప్పగల్లు నుంచి అంజినమ్మ వచ్చిపడింది. మొగుడు ఈరేష్‌కు ఇక్కడ ట్రాక్టరు తోలే పని దొరికిందట. అంజినమ్మ ముప్పై దాటని మనిషి. నల్లగా, నవ్వు మొహంతో, వచ్చిన రోజే అందరినీ అత్తా, వదినా, అవ్వా అని వరస కలిపేసింది. మొదటి వారం తల వంచుకుని కాయ కోసింది. రెండో వారంలో, హొన్నప్ప చేలో, హనుమక్క కంసాలి కత ముగించి నీళ్ళు తాగుతుంటే అడిగింది.

"అత్తా, నాకు గూడా ఒక కత వస్తాది. చెప్పేదా?"

"చెప్పు చెప్పు. ఎవురొద్దన్నారు?" అంది హనుమక్క. పెద్దరికం చూపించాలని అన్నది. ఆ మాటకు తర్వాత ఎన్నిసార్లు నాలుక కరుచుకుందో ఆమెకే తెలుసు.

అంజినమ్మ చెప్పింది కుమ్మరి కత. పెళ్ళాం చేసిచ్చిన నిక్షేపం లాంటి కుండ తీసుకుని కుమ్మరి సంతకు పోతాడు. పప్పో ఉప్పో తెమ్మని పెళ్ళాం చెప్పి పంపుతుంది. ఎవరేం చెప్పినా తల ఊపే మనిషి అతను. కమ్మరి కనపడి కొడవలి గొప్ప చెప్తే కొడవలికి మారుస్తాడు. గొర్రెల కాపరి చలి గురించి చెప్తే కంబళికి మారుస్తాడు. గానుగ మనిషి, మేదరామె, కోళ్ళామె, ఒకరి తర్వాత ఒకరు తగులుతారు. సంత చివర ఒకడు "ఇంటికి వట్టి చేతుల్తో పోతావా అప్పా, కుండ తీస్కపో" అంటే, చంకలో కోడిని ఇచ్చి కుండ తెస్తాడు. పెళ్ళాం దాన్ని వేలితో తట్టి చూస్తుంది. అది డబ్బుమని పగిలిన చప్పుడు చేస్తుంది.

కత ఇంతే. కానీ అంజినమ్మ దానికి ఒక పాట కట్టింది. ప్రతి బేరం తర్వాత మొదటి నుంచి అందుకునేది.

"కుండనిచ్చి కొడవలి తెచ్చె, కొడవలిచ్చి కంబళి తెచ్చె, కంబళిచ్చి నూనె తెచ్చె, నూనెనిచ్చి గంప తెచ్చె, గంపనిచ్చి కోడిని తెచ్చె..."

మూడో బేరానికే సాలు సాలంతా పాట అందుకుంది. సుమ అయితే కాయ కోస్తూ నడుము ఊపింది. నాగలక్ష్మమ్మ ఊఁ ముక్కులోంచి మొదలై, చివరికి పగలబడి నవ్వుగా తేలింది. కళ్ళనీళ్ళు తుడుచుకోబోయి, చేతికి కారం ఉందని గుర్తొచ్చి, భుజంతో తుడుచుకుంది. ఆ నవ్వుతోనే పోయి మొదటి పిడికెడు అంజినమ్మ ఒడిలో వేసింది. ఇరవై ఏళ్ళలో నాగలక్ష్మమ్మ తన కతకు అట్లా భుజంతో కళ్ళు తుడుచుకున్నది ఎప్పుడని హనుమక్క వెతుక్కుంది. గుర్తు రాలేదు.

ఆ రోజు మొదలు హనుమక్కకు నిలకడ లేదు.

మర్నాడు కంసాలి కతలో కంసాలి చేత ముక్కుపుడకతో పాటు కాలి మెట్టెలు, చేతి కడియాలు, దేవుడి కిరీటం కూడా దొంగిలింపజేసింది. కత సాగింది గానీ రుచి రాలేదు. ఆ మర్నాడు బొరుగులు వేయించి, పుట్నాలు కలిపి, నాగలక్ష్మమ్మకు ఇష్టమని ఎండుకొబ్బరి కూడా వేసి తెచ్చింది. నాగలక్ష్మమ్మ ఒక గుప్పెడు తిని, "భలే ఉండాయి వదినా" అని, మిగిలిన పొట్లం అట్లే అంజినమ్మ చేతిలో పెట్టింది. ఆ పొట్లం లాక్కుని కాలవలో విసిరేద్దామన్నంత కోపం వచ్చింది హనుమక్కకు. సాయంత్రం భీమేష్ ఆటోలో ఇంటికి వస్తుంటే నాగలక్ష్మమ్మ, అంజినమ్మ పక్కపక్కన కూర్చుని ఏదో గుసగుసలాడుకున్నారు. హనుమక్క వాళ్ళకు ఎదురుగా కూర్చుని, దారి పొడుగునా ఇద్దరి పెదాలనే చూసింది. వాళ్ళు మాట్లాడుకున్నది అంజినమ్మ బిడ్డ దగ్గు గురించి. ఆటో చప్పుడులో అది హనుమక్కకు వినపడలేదు. వినపడినా నమ్మేది కాదు.

ఇంకో రోజు అంజినమ్మ గొంతు సవరించుకోగానే హనుమక్క అడ్డం పడింది.

"పగటిపూట కత చెప్తే దావన పోయేటోళ్ళు దోవ తప్పుతారంట. మా అవ్వ చెప్తాండె."

సుమ పకపకా నవ్వింది.

"అట్లయితే ఇరవై ఏండ్లనుంచి నువ్వు చెప్తాండావు గదవ్వా! ఎంతమంది తప్పినారో పాపం. హగరి టేషన్లో దిగల్లనుకున్నోళ్ళు గుంతకల్లుకు పోయింటారు."

అందరూ నవ్వారు. నాగలక్ష్మమ్మ కూడా నవ్వింది. అందరి నవ్వూ ఒక ఎత్తు, ఆమె నవ్వు ఒక ఎత్తు. హనుమక్క గబగబా కాయ కోస్తూ నాలుగు మొక్కల కొమ్మలు విరిచేసింది. హొన్నప్ప గట్టు మీద నుంచి, "ఏందమ్మా, చెట్లు పెరుకుతాండారా కాయలు పెరుకుతాండారా?" అని అరిచాడు.

ఆ రోజంతా ఆమె ఒకటే ఆలోచించింది. తేడా అంతా ఆ కుండ కతలో ఉంది. ఆ పాటలో ఉంది. దాన్ని లాగేస్తే అంజినమ్మ దగ్గర ఏముంటుంది? మట్టి. అసూయ పట్టిన బుర్ర పదునుగా పనిచేస్తుంది, ఒక్క వైపుకే పనిచేస్తుంది, అదే దాంతో వచ్చిన చిక్కు.

మధ్యాహ్నం రొట్టెలు తినే వేళ అందరూ కాలవ గట్టు మీద చేరితే, హనుమక్క అంజినమ్మను ట్రాక్టరు ట్రాలీ వెనక్కు పిలిచింది. అంజినమ్మ చేతిలో సగం తిన్న జొన్నరొట్టె, దాని మీద గురెళ్ళ పొడి.

"నీ కుండ కత నాకియ్యి. నేనొకటి ఇస్తా."

"ఇచ్చేదేంది అత్తా? నీకు కావాలంటే చెప్పుకో. దానికి అడగల్లనా?"

ఆ మంచితనానికి హనుమక్కకు ఇంకా ఒళ్ళు మండింది. తిట్టినా బాగుండేది.

"ఊరికే తీసుకునేకి నేనేమన్నా అడుక్కునేదాన్నా? పద్ధతి ప్రకారం మార్చుకుందాం. ఇచ్చినాక నువ్వు మళ్ళా చెప్పకూడదు."

"హౌదా! అట్ల గూడా ఉంటాదా? ఆయ్తు, అట్లే కానీ అత్తా. నువ్వేమిస్తావు మరి?" అంజినమ్మ మొహం పండగలా వెలిగింది. రొట్టె ట్రాలీ అంచున పెట్టి చేతులు తుడుచుకుంది. హనుమక్క అంతటి మనిషి తనతో కత మార్చుకుంటానంటే ఆమెకు అది గౌరవం.

ఏమివ్వాలి? కంసాలిని ఇవ్వదు. గానుగ మనిషిని ఇవ్వదు. శెట్టిని చస్తే ఇవ్వదు. మనసులో గాదె అడుగు దాకా చెయ్యి పెట్టి వెతికితే, ఎప్పటిదో కమ్మరి నిద్ర కత తగిలింది. చేలో ఒక్కసారి కూడా చెప్పని కత. నవ్వు లేదు, పాట లేదు, దొంగ లేడు. అమ్ముడుపోని సరుకు. ఇది చాలు దీనికి అనుకుంది.

చెప్పడం మొదలుపెట్టింది. సగం దాటాక తెలిసింది, అంజినమ్మ నోరు తెరుచుకుని వింటోందని. కళ్ళు రెప్ప వెయ్యడం లేదు. హనుమక్కకు గుబులు పుట్టింది. చివరిదాకా వచ్చి, నాలుక చివర ఉన్న మాటను మింగేసింది. మొత్తం ఎందుకివ్వాలి? తన కతలోని శెట్టి తక్కెడ కింద చింతపండు అంటించినట్టు, కత కొనను తన దగ్గరే అంటించి పెట్టుకుంది.

"రైతు నిద్ర లేక తిరిగి తిరిగి చచ్చిపాయ. అంతే."

"అయ్యో! అంతేనా అత్తా?"

"అంతే."

అంజినమ్మ కొంగు చాపింది. కొంగు కింద ఇద్దరూ చేతులు పట్టుకున్నారు. కారపు చేతులు, పట్టుకున్న చోట చుర్రుమంది.

మర్నాడు పొద్దున్నే, మంచు తడి ఆరకముందే, హనుమక్క కుండ కత మొదలుపెట్టింది. మాట మాట గుర్తుంది. పాట కూడా తప్పు పోలేదు. కుండనిచ్చి కొడవలి తెచ్చె దగ్గర ఆగి, సాలు అందుకుంటుందని చూసింది. ఇద్దరో ముగ్గురో గొణిగారు. కంబళి దగ్గరికి వచ్చేసరికి వాళ్ళూ ఆపేశారు. సుమ, "ఇది అంజినక్క కత గదవ్వా, రోజూ వింటిమి గదా," అంది. మొన్నటిదాకా పది మంది తిన్న విందును మళ్ళీ వేడి చేసి వడ్డిస్తున్నానని హనుమక్కకు అప్పుడు తట్టింది. నాగలక్ష్మమ్మ ఊఁ కొట్టింది, తప్పకుండా కొట్టింది. కరెంటు మీటరు చదవడానికొచ్చిన మనిషికి సమాధానం చెప్పినట్టు కొట్టింది. చివర పిడికెడు కూడా వేసింది. హనుమక్క ఒడిలోకి చూసుకుంది. అన్నీ తాలు కాయలు అనిపించింది. ఆమెకు ఆ రోజు అన్నీ అట్లే కనపడ్డాయి.

పొద్దు నడినెత్తికి వస్తుండగా ఎవరో, "అంజినమ్మా, నువ్వొకటి చెప్పు మే" అన్నారు.

"అత్త నాకొక కత ఇచ్చింది. అది చెప్తా," అంది అంజినమ్మ.

ఆమె గొంతు మారింది. పాటకు పనికొచ్చే గొంతు పక్కన పెట్టి, ఇంట్లో రోగి పడుకుని ఉంటే మాట్లాడే గొంతు తీసింది.

"ఒక ఊర్లో రైతు. కర్రు అరిగిపోయి మొద్దుగా ఉండాది. వానలు లేక గాదె ఖాళీ. అప్పుడు పడె వాన. పడితే ఏం లాభం? కర్రు లేనిది దున్నేదెట్లా? కమ్మరి కాడికి పోయె. 'మామా, కర్రు కావల్ల, ఇచ్చేకి గింజల్లేవు' అనె."

"ఊఁ," అంది నాగలక్ష్మమ్మ. చిన్నగా అంది.

"'గింజల్లేకుంటే ఏముండాది నీకాడ?' అనె కమ్మరి. 'పడుకుంటే పిడుగు పడినా లేవని నిద్ర ఉండాది మామా, అంతే' అనె. కమ్మరికి కండ్లు మూస్తే సమ్మెట చప్పుడు. ఎన్నేండ్లాయెనో నిద్రపోయి. 'అయితే అది ఇచ్చి కర్రు తీస్కపో' అనె."

హనుమక్క చెయ్యి కాయ మీదే ఆగిపోయింది. ఇది తన కతేనా? తన గాదె అడుగున పురుగు పట్టి పడి ఉన్నదేనా? తను చెప్పినప్పుడు రైతు రైతే, కమ్మరి కమ్మరే. ఈమె నోట ఆ కమ్మరి ఎర్ర కళ్ళు, ఒణికే చెయ్యి కూడా కనపడుతున్నాయి. నాది, ఇది నాది అని గొంతు దాకా వచ్చింది. కొంగు కింద పట్టిన చెయ్యి గుర్తొచ్చి నోరు మూసుకుంది. ఇచ్చేసిన ఎద్దు వేరొకరి కాడి కింద పరుగెత్తుతుంటే చూసే మనిషికి ఉండే ఏడుపు అది.

అంజినమ్మ చెప్పుకుంటూ పోతోంది. రైతు పగలూ రాత్రీ దున్నాడు. ఊరంతా నిద్రపోతుంటే అతని అరక ఒక్కటే తిరిగింది. కమ్మరి కొలిమి పక్కనే పడుకుని లేవలేదు. కొలిమిలో బూడిద చల్లారింది. తిత్తిని ఎలుకలు కొరికాయి. రైతుకు పంట వచ్చింది, అంత పంట ఎన్నడూ రాలేదు. కానీ పెళ్ళాం ఎదురుగా నిలబడి మాట్లాడితే ఆమె ఎవరో తెలియనట్టు చూశాడు. సొంత బిడ్డను చూసి, ఎవరి బిడ్డ అని అడిగాడు.

సాలు సాలంతా కాయ కోయడం మరిచిపోయింది. హనుమక్క ఓరగా నాగలక్ష్మమ్మను చూసింది. ఆమె చేతులు రెండూ ఒడిలో పడి ఉన్నాయి. తల వంచుకుని ఉంది. ఊఁ అంటోంది గానీ, అది హనుమక్క ఎన్నడూ వినని ఊఁ. లోపల ఎక్కడి నుంచో వస్తోంది. చూడు, ఎట్ల మైమరచిపోయిందో, దాని నోట్లోనే పడిపోయింది అని హనుమక్క కుళ్ళిపోయింది. పోనీ, ఇంకెంతసేపు? కొన దగ్గరికి వస్తోంది. అక్కడ బొక్కబోర్లా పడుతుంది. నవ్వొచ్చింది కూడా.

"బండి నిండా జొన్నలు ఏస్కొని కమ్మరి కాడికి పోయె రైతు. 'నీ గింజలు తీస్కో, నా నిద్ర నాకియ్యి మామా' అనె. కమ్మరి లేస్తే గదా! పిలిచినా లేవడు, కుదిపినా లేవడు. నిద్రపోయే మనిషితో బేరమెట్లా చేస్తావు?"

"ఊఁ."

"రైతు అట్లే నిద్ర లేక, తిరిగి తిరిగి, చచ్చిపాయ."

ఊఁ రాలేదు.

అంజినమ్మ ఆగింది. అందరూ ఆగారు. కాలవ అవతల ఎక్కడో ట్రాక్టరు పోతున్న చప్పుడు తప్ప ఏమీ లేదు. ఊఁ కొట్టకపోతే కత మూత పడదు. నాగలక్ష్మమ్మ ఊఁ కొట్టకుండా మిగిలిపోయిన కత ఆ చేలో అంతకుముందు లేదు.

"నాగలక్ష్మత్తా?" అంది అంజినమ్మ భయంగా. "ఏమన్నా తప్పు చెప్తినా?"

"నీ తప్పు లేదు. దీని కొన ఇది కాదు," అంది నాగలక్ష్మమ్మ. తల ఎత్తి హనుమక్క వైపు చూసింది. "ఈ కతను మార్చుకుంటివా వదినా? ఈ కతనా?"

అప్పుడు గుర్తొచ్చింది హనుమక్కకు. ఎవరికీ చెప్పలేదనుకుంది. ఒకరికి చెప్పింది.

హులిగప్పకు, నాగలక్ష్మమ్మ మొగుడికి, వరిమడిలో పాము కరిచిన ఏడు. బళ్ళారి ఆసుపత్రి వరండాలో గోడకానుకుని ఇద్దరూ కూర్చున్నారు. నాగలక్ష్మమ్మ కన్ను మూయనంటే మూయనంది, మూస్తే మనిషి పోతాడని భయం. హనుమక్క ఆమె తల లాగి ఒడిలో పెట్టుకుని ఈ కతే చెప్పింది. సగం నిద్ర నువ్వు పో, సగం నేను పోతా, ఒకరం మేలుకుంటే చాలు అంది. అట్లా వంతులేసుకుని కాపలా కాశారు. హులిగప్ప బతికాడు, ఇప్పటికీ అరుగు మీద కూర్చుని పొగాకు నములుతున్నాడు. ఇదంతా ఎట్లా మరిచిపోయింది? ఎవరి ఒడిలో ఎన్ని కాయలు పడ్డాయో చూసుకుంటూ మరిచిపోయింది. ఇరవై ఏళ్ళుగా తన కతలన్నీ తన నోట్లోనే ఉన్నాయనుకుంది. విన్న మనిషి దగ్గర కూడా ఉంటాయని ఒక్కనాడూ తోచలేదు.

హనుమక్క మొహం మిరపపండు రంగుకు తిరిగింది. గుంపులో ఒక్కరు కూడా ఆమె వైపు సూటిగా చూడలేదు, అది ఇంకా నరకం. అంజినమ్మకు అప్పుడు అర్థమైంది, తనకు తూకం తక్కువ వచ్చిందని. ఆమె కోపపడలేదు. చెయ్యి తుడుచుకుంటూ, "దాని కొన ఎట్లుంటాది అత్తా? చెప్పవా?" అని నాగలక్ష్మమ్మనే అడిగింది.

నాగలక్ష్మమ్మ బతుకులో ఎప్పుడూ కత చెప్పలేదు. నలుగురిలో పది మాటలు వరసగా మాట్లాడే మనిషి కాదు. ఒడి సర్దుకుంది. గొంతు సవరించుకుంది.

"రైతు ఇంటికొచ్చె," అంది. ఆగింది.

అందరూ ఆమెనే చూస్తున్నారు. ఊఁ కొట్టే మనిషే కత చెప్తుంటే ఊఁ కొట్టేదెవరు? సాలులో ఎవరికీ తోచలేదు. అంజినమ్మ పెదాలు విడివడటం హనుమక్క కంట పడింది. అంతే, ఆమె ఒంట్లో ఏదో భగ్గుమంది.

"ఊఁ!" అని అరిచింది హనుమక్క. అటు గట్టు మీద హొన్నప్ప కూడా తిరిగి చూశాడు.

"అంత గెట్టిగ అంటే కత బెదురుకొని పోతాది," అంది నాగలక్ష్మమ్మ, ఆమె వైపు చూడకుండానే. "నిదానం."

"ఊఁ," అంది హనుమక్క నిదానంగా.

"వాకిట్లో కూలబడె. పెండ్లాము వచ్చె. వాని తల ఎత్తి ఒడిలో పెట్టుకొనె."

"ఊఁ."

"'నా నిద్రలో సగం నువ్వు తీస్కో' అనె. 'నువ్వు పండుకున్నెప్పుడు నేను మేలుకుంటా, నేను పండుకున్నెప్పుడు నువ్వు మేలుకో' అనె."

"ఊఁ." ఊఁ కొట్టడం ఇంత కష్టమని హనుమక్కకు తెలియదు. మాట ఎక్కడ ఆగుతుందో కాచుకుని కూర్చోవాలి. తన గురించి తలచుకోవడానికి సందే దొరకదు. ఈ పని ఈమె ఇరవై ఏళ్ళు చేసింది.

"వాడేమో బేరాల మనిషి. వానికి నమ్మిక రాలేదు. 'దానికి బదులియ్యను నాకాడ ఏమీ లేదే' అనె." నాగలక్ష్మమ్మ ఇప్పుడు హనుమక్క కళ్ళలోకి చూసింది. "'నేనడిగితినా?' అనె అది."

అక్కడ ఊఁ రావాలి. హనుమక్క కళ్ళనీళ్ళు జారుతుంటే కారపు చేతులతో తుడుచుకోలేక అట్లే వదిలేసింది. చేను చేనంతా ఆమె కోసం కాచుకుంది. ఆ సందులో అంజినమ్మ ఎక్కడ ఊఁ అనేస్తుందోనని భయం వేసి, పక్కకు తిరిగి ఒక్కసారి గుడ్లురిమి చూసి, అప్పుడు ఏడుస్తూనే "ఊఁ" అంది.